శిలాహస్తం

రుధిరసైకతం అనే ఆ ఎడారిలో మధ్యాహ్న సూర్యుడు కదలడం మరిచిపోతాడని బాటసారులు చెప్పుకుంటారు. కాగిన రాగిని కుమ్మరించినట్టు ఎర్రగా మెరిసే ఇసుక తిన్నెలు కనుచూపు మేర పరుచుకొని ఉన్నాయి. గాలి విసిరినప్పుడల్లా అవి నిద్రలో ఒత్తిగిలే ఏనుగుల్లా మెల్లగా కదులుతున్నాయి. వాటికి ఆవల, ఆకాశపు అంచున, తెల్లని మబ్బులను తలపాగాలా చుట్టుకొని నీలి పర్వతం ఒకటి నిలబడి ఉంది. అదే మేఘాద్రి. లోకంలో కురిసే ప్రతి మేఘమూ ఆ కొండ గుహలోనే పుడుతుందనీ, ఆ గుహే మేఘేశ్వరస్వామి నివాసమనీ ప్రతీతి.

ఆ కొండవైపు ముగ్గురు నడుస్తున్నారు. కాషాయ వస్త్రాలు, మెడలో రుద్రాక్షలు, భుజాన జోలెలు. చూసినవాళ్ళు యాత్రికులనే అనుకుంటారు. కాని ముందు నడుస్తున్న యువకుడి నడకలో యాత్రికుడి ఒద్దిక లేదు. అతడు నీలకేతుడు, చంద్రశిల రాజ్యానికి యువరాజు. అతడి కుడిచేతిని వేళ్ళ నుంచి మోచేతి పైదాకా గుడ్డతో చుట్టేశారు. ఆ గుడ్డ విప్పితే కనిపించేది మాంసం కాదు, నల్లరాయి. ఆ సంగతి పొక్కితే సరిహద్దు రాజులంతా ఒక్కసారిగా మీద పడతారు. ఈ మారువేషం అందుకే.

అతడి పక్కన అడుగు కూడా తేడా లేకుండా నడుస్తున్న బలశాలి సేనాపతి ప్రచండుడు. యువరాజుకు మేనమామ కొడుకు. అతడి కుడిచెయ్యీ అలాగే రాయైపోయింది. వెనక వస్తున్న యువతి పేరు తరళ. మేఘాద్రి పాదాన ఉన్న పింగళగిరికి రాకుమార్తె. ఇప్పుడు బందీ.

పింగళగిరిని జయించి వచ్చిన రోజున నీలకేతుడు ఆ దేశపు రాజును, తరళ తండ్రి భద్రకేసరిని, తన రథపు కాడికి కట్టించాడు. తెల్లగడ్డపు ముసలిరాజు గుర్రాల పక్కన రథం లాగుతుంటే రాజధాని వీధులు జేజేలతో మోగాయి. ఊరేగింపు మేఘేశ్వరుడి ఆలయానికి చేరింది. ఎంతటి విజేత అయినా అక్కడ రథం దిగి, కత్తి విడిచి, వట్టికాళ్ళతో లోపలికి వెళ్ళాలి. నీలకేతుడు రథాన్ని గోపురంలోకే తోలాడు.

అప్పుడు గర్భగుడిలోంచి ఒక మాట వినిపించింది.

"దిగు."

అది పెద్ద గొంతు కాదు. నీటితో నిండిన మబ్బు మెల్లగా కదిలితే వచ్చే సద్దులాంటిది. అయినా వేలాది జనంలో ప్రతివాడికీ తన చెవిలోనే చెప్పినట్టు వినిపించింది. భేరీలు ఆగిపోయాయి. గుర్రాలు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. జనం ముఖాలు నేలకు ఆనించి వాలిపోయారు; ఆ తర్వాత జరిగింది వాళ్ళలో ఒక్కరూ చూడలేదు. నీలకేతుడు మాత్రం కొరడా పట్టిన చెయ్యి పైకెత్తి, "పింగళగిరిని గెలిచింది ఈ చెయ్యి! దీన్ని దింపమనేవాడెవడు?" అని గర్జించాడు. పక్కనే ఉన్న ప్రచండుడు కత్తి ఎత్తి "ఎవడు?" అని వంతపాడాడు.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే, మణికట్టు దాకా నల్లరాళ్ళయిపోయాయి.

ఆస్థాన వైద్యులు, మంత్రవేత్తలు అందరూ ఓడిపోయాక ఆలయ అర్చకుడు అనంతయాజి వచ్చాడు. "ఇది కోపం కాదు ప్రభూ. కోపమే అయితే తల పోయేది. స్వామి చెయ్యి ఒక్కటే పట్టుకున్నాడు. తప్పటడుగు వేసే బిడ్డ చెయ్యి తండ్రి పట్టుకోడూ? మేఘగుహకు వెళ్ళండి. ఎవరి తండ్రిని కాడికి కట్టారో ఆ పిల్లే మీకు దారి చూపాలని స్వామి ఆన," అన్నాడు.

నీలకేతుడు బయలుదేరాడు గాని భద్రకేసరిని మాత్రం చెరసాలలోనే ఉంచాడు. "ముందు నా చెయ్యి నాకు రానీ, ఆ తర్వాత ఆలోచిస్తాను," అన్నాడు. దేవుడితో కూడా బేరం పెట్టే యువరాజు అతడు.

"దాహంగా ఉందా బావా?" ప్రచండుడు అడిగాడు.

నీలకేతుడు జవాబు చెప్పేలోపే ఎర్రటి ఇసుక మీద పెద్ద నీడ ఒకటి పాకింది. ఎండ ఒక్కసారిగా ఆరిపోయినట్టయింది. ముగ్గురూ తలలెత్తారు.

గండభేరుండం! రెండు తలలు, నాలుగు నిప్పుకళ్ళు, ఓడ తెరచాపలంత రెక్కలు. గోళ్ళు ఒక్కొక్కటీ కొడవలంత. అది ఆకాశం చిరిగినట్టు అరిచి కిందికి దూకింది.

"బోర్లా పడుకోండి!" తరళ కేకపెట్టింది. "ముఖం ఇసుకలో పెట్టండి! నిలబడ్డవాళ్ళనే అది పట్టుకుంటుంది!" అంటూనే తను నేలకు కరుచుకుపోయింది.

ప్రచండుడు ఎడమచేత్తో జోలెలోంచి గద లాగి ఎదురు వెళ్ళాడు. రెక్క చివర తగిలి తాటిదుంగలా దొర్లుకుంటూ తిన్నె అవతలికి వెళ్ళి పడ్డాడు. నీలకేతుడు కాళ్ళు ఎడంగా పెట్టి అక్కడే నిలబడ్డాడు.

"పడుకోండి యువరాజా! మీకు దండం పెడతాను!"

"ఎందుకు? చంద్రశిల యువరాజు పక్షికి భయపడి మట్టి కరిచాడని రేపు మీ పింగళగిరి దాసీలు నవ్వుకోవడానికా?"

ఆ మాట నోటినుంచి వచ్చీ రాగానే చుట్టిన గుడ్డ కింద చల్లగా ఏదో పైకి పాకింది. రాయి మోచేతిని దాటి భుజం దగ్గరికి వచ్చింది. అది గమనించే వ్యవధి కూడా లేకపోయింది. పక్షి గోళ్ళు అతడి నడుము చుట్టూ బిగుసుకున్నాయి. కాళ్ళ కింద నేల జారిపోయింది.

ఎంత ఎత్తుకు వెళ్ళాడంటే ఎడారి అంతా ఒక ఎర్ర కంబళిలా కనబడింది. పక్షి చాలాసేపు సుడులు తిరిగి ఆఖరు తిన్నె దాటింది. కొండ మొదట్లో లోతైన లోయ, అందులో తెల్లని నురగలతో ఉరికే నది. లోయ అవతలి గుట్ట మీద పక్షి గూడు. గూటి నిండా మనుషుల ఎముకలు. నీలకేతుడు ఎడమచేత్తో గుద్దాడు, తన్నాడు, తిట్టాడు. దాని ఈక ఒక్కటి కూడా ఊడలేదు.

అప్పుడు అతడి రాతిచెయ్యి బరువెక్కసాగింది. ముందు తిరగలి బరువు. తర్వాత కోట తలుపు బరువు. ఆ పైన కొండచరియ బరువు. పక్షి రెక్కలు తడబడ్డాయి. రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకొని గిలగిలలాడాయి. ఎముకల గూడు ఇక కొద్ది దూరం ఉందనగా గోళ్ళు సడలిపోయాయి. నీలకేతుడు రాయిలా రాలి, రాయిలాగే నదిలో మునిగిపోయాడు.

ఏ బరువు అతణ్ణి పక్షి గోళ్ళలోంచి విడిపించిందో అదే అతణ్ణి అడుగుకు లాగుతోంది. పైన వెలుతురు పచ్చటి నాణెంలా చిన్నదైపోతోంది. ఊపిరి పగిలిపోతోంది. అంతలో ఎవరో అతడి జుట్టు పట్టుకున్నారు. తరళ! పక్షి నీడ వెంటే పరుగెత్తి వచ్చి, తిన్నె మీంచి జారి, నదిలోకి దూకింది. తన పైట చెంగు అతడి చంక కింద నుంచి తిప్పి ముడివేసి లాగుతోంది. అతడు ఆమెను విదిలించుకోబోయాడు. ఆడదాని చేతిలో, అందులోనూ బందీ చేతిలో ప్రాణం పెట్టడం! విదిలించినకొద్దీ ఇంకా లోతుకు దిగిపోయాడు. ఆఖరికి ఒంట్లో సత్తువ అయిపోయింది. పెనుగులాట మానేశాడు. ఆమె ఎటు లాగితే అటు వెళ్ళాడు.

విచిత్రం! మానిన మరుక్షణం చెయ్యి బెండులా తేలికైంది.

ఒడ్డున పడి నీళ్ళు కక్కుకున్నాక ఇద్దరూ లేచి కూర్చున్నారు. నీలకేతుడే ముందు నోరు తెరిచాడు.

"ఎందుకు దూకావు? నేను మునిగిపోతే నీకు విడుదలే కదా!"

తరళ తడిసిన జడ పిండుకుంటూ, "నాకు విడుదల. మా నాన్నకో? ఆ చెర తలుపు మీ మాటతో తప్ప తెరుచుకోదు," అంది. జడ వెనక్కి విసిరి, "మిమ్మల్ని గుహ దాకా తీసుకురమ్మన్నాడు స్వామి. మధ్యలో ఏట్లో వదిలెయ్యమనలేదు. అలాగని నాకు మీ మీద కోపం పోయిందనుకోకండి," అంది.

నీలకేతుడు నీటికి నానిన గుడ్డ విప్పి చెయ్యి చూసుకున్నాడు. నల్లరాయి భుజాన్ని తాకి ఆగింది. ఇంకొంచెం జరిగితే గుండె. అతడి ముఖం పాలిపోయింది.

"తరళా, బయలుదేరినప్పుడు ఇది మణికట్టు దాకానే ఉంది. సరిహద్దులో కాపలావాణ్ణి కాలితో తన్నిన రోజు పైకి పాకింది. ఎడారి మొదట్లో నీ తండ్రిని ఎగతాళి చేసినప్పుడు మోచేతికి వచ్చింది. ఇందాక పక్షి ముందు..."

"మీకు ఇప్పుడు తెలిసిందా? నేను మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే వినేవారా?"

నీలకేతుడు తల దించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒకరి మాటకు అతడు తల దించుకోవడం అదే మొదలు.

"బావా! బతికే ఉన్నావా!"

అరుపుకు ఇద్దరూ వెనుదిరిగారు. ప్రచండుడు ఒళ్ళంతా గాయాలతో పరుగెత్తుకొస్తున్నాడు. వచ్చి నీలకేతుణ్ణి కౌగిలించుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు. అతడి వెనకే పాలనురుగు లాంటి గడ్డంతో ఒక ముని చిరునవ్వు నవ్వుతూ నిలబడ్డాడు.

"ఈ మహానుభావుడు ఇసుకలో పడి ఉన్న నన్ను లేపాడు బావా. మన చేతులు బాగుచేస్తానంటున్నాడు. గుహా వద్దు, కొండా వద్దు!"

"రండి నాయనా," అన్నాడు ముని. "నా ఆశ్రమం ఇక్కడికి దగ్గరే."

తరళ నీలకేతుడి పక్కకు జరిగి, "యువరాజా, ఆయనకు నీడ లేదు," అని గుసగుసలాడింది. కాని ప్రచండుడు అప్పటికే నీలకేతుడి ఎడమచెయ్యి పట్టుకొని నడిపించుకుపోతున్నాడు.

నది మలుపు తిరిగేసరికి కనిపించింది ఆశ్రమం కాదు, మహా సౌధం. గోడలు, స్తంభాలు, పైకప్పు అన్నీ అద్దాలే. లోపల అడుగు పెట్టగానే ఎటు చూసినా నీలకేతుడే. ఒక అద్దంలో అతడు ఏనుగు అంబారీ మీద ఉన్నాడు. మరో అద్దంలో సప్తసముద్రాల రాజులు అతడి పాదాలు కడుగుతున్నారు. ఇంకో అద్దంలో కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది, ఆ చేతిలో మెరుపులాంటి కత్తి ఉంది. అతడు మైమరచి చూశాడు. తరళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ముని రెండు బంగారు పాత్రలు తెచ్చాడు. వాటిలో తేనెరంగు ద్రవం సలసల మరుగుతోంది. అయినా పాత్రలు మంచులా చల్లగా ఉన్నాయి.

"ఒక్కమాట చెప్పు నాయనా," అన్నాడు ముని. "నీ వంటి వీరుణ్ణి అవిటివాణ్ణి చేసినవాడు దేవుడెలా అవుతాడు? నీ పేరు తన పేరును మించిపోతుందని ఓర్వలేకపోయాడు. ఇది తాగు. 'నేను ఎవరికీ తలవంచను' అని ఒక్కసారి పలుకు. చెయ్యి రావడమే కాదు, వెయ్యి ఏనుగుల బలం వస్తుంది."

"బావా, ముందు నేను తాగుతాను. విషమైతే పోయేది నేనే," అన్నాడు ప్రచండుడు. నీలకేతుడు వారించేలోపే పాత్ర ఎత్తి గటగట తాగేశాడు. మూతి తుడుచుకొని నవ్వుతూ, "నేను ఎవరికీ తలవంచను!" అన్నాడు.

అద్దాలన్నీ ఒక్కసారి ఝల్లుమన్నాయి. ప్రచండుడి రాతిచెయ్యి పగిలి, దానిలోంచి బంగారు చెయ్యి బయటికి వచ్చింది. అతడి శరీరం తాడిచెట్టులా పెరిగింది. ఛాతీ కోటగోడలా వెడల్పయింది. గదతో ఒక స్తంభాన్ని తాకితే అది పిండి పిండి అయిపోయింది.

"చూశావా బావా! ఏం బలం! తాగు, ఆలస్యం చెయ్యకు!"

నీలకేతుడు ఎడమచేత్తో పాత్ర అందుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు. అప్పుడే అద్దాల్లో ఒక సంగతి కనబడింది. వాటిలో తానున్నాడు, తానే ఉన్నాడు. పక్కనే నిలబడ్డ ప్రచండుడు ఒక్క అద్దంలోనూ లేడు. గుమ్మంలో ఉన్న తరళ లేదు. కాళ్ళు కడుగుతున్న రాజులకు ముఖాలు లేవు. లోకమంతా వెతికినా అతడికి అతడు తప్ప తోడు దొరకని రాజ్యం అది.

"ఏం చూస్తున్నావు? తాగు!" ముని గొంతు కరుకెక్కింది.

నీలకేతుడు పాత్రను నేలమీద పెట్టేశాడు.

"ఇందాక గండభేరుండం గోళ్ళలోంచి నన్ను రాల్చింది నా బలం కాదు. ఈ రాతిచెయ్యి బరువు. నా చెయ్యి పట్టుకున్నవాడు నన్ను చంపాలనుకోలేదు మునీశ్వరా. అతడి పట్టు విడిపించుకోవడం నాకు ఇష్టం లేదు."

ముని ముఖం మీద చిరునవ్వు చితికిపోయింది. పాలనురుగు గడ్డం పొగై లేచిపోయింది. పొగలోంచి చీలిన నాలుక, బూడిదరంగు కళ్ళు బయటపడ్డాయి. ధూమజిహ్వుడు! మేఘగుహను కొల్లగొట్టి, వానలన్నిటినీ తన గుప్పెట్లో పెట్టుకొని, లోకాన్ని చుక్కనీటికి మోకరిల్లేలా చెయ్యాలని ఏళ్ళ తరబడి కాచుకున్న మాంత్రికుడు. ఆ గుహ తలుపు పగలగొట్టాలంటే దేవుడు తాకిన చెయ్యి కావాలి, అది దేవుడికి ఎదురు తిరిగిన చెయ్యి కావాలి. అది ఇప్పుడు అతడికి దొరికింది.

"నాకు ఒక్కడు చాలు! ప్రచండా, వీణ్ణి నుజ్జు చేసి నాతో రా!"

ప్రచండుడి కళ్ళల్లో బంగారు పొర కమ్మింది. గద పైకెత్తాడు.

"బావా! నేనురా!" నీలకేతుడు అరిచాడు.

"బావా లేడు, ఎవడూ లేడు. నేను ఎవరికీ తలవంచను."

గద దిగేలోపు తరళ నీలకేతుడి నడుము పట్టి బయటికి ఈడ్చింది. వెనకాల అద్దాలన్నీ భళ్ళున పగిలాయి. పగిలిన ప్రతి పెంకూ నిప్పునాలుకగా మారి వెంటపడింది. ఇద్దరూ కొండదారి పట్టి పరుగెత్తారు. రాళ్ళు దొర్లుతున్నాయి. పొదలు అంటుకుంటున్నాయి. వెనక ప్రచండుడి అంగలు పిడుగుల్లా పడుతున్నాయి. నీలకేతుడు ఒకసారి వెనుదిరిగి చూశాడు. ప్రచండుడి మోకాళ్ళు మడవడంలేదు. నడుము వంగడంలేదు. మెడ ఇనుపకడ్డీలా బిగుసుకుంది. నాటిన స్తంభం నడుస్తున్నట్టు అతడు నిటారుగా, ఆకాశంలోకి చూస్తూ వస్తున్నాడు.

"అదిగో గుహ!" అంది తరళ రొప్పుతూ.

నీలకేతుడు నిర్ఘాంతపోయాడు. లోకంలోని మేఘాలన్నీ బయలుదేరే గుహకు గోపురమంత వాకిలి ఉంటుందనుకున్నాడు. కొండ అడుగున మోకాటి ఎత్తున ఒక చీలిక. దానిలోంచి పాలపొగలా మబ్బు పలచగా పాకుతూ బయటికి వచ్చి, వచ్చాక ఏనుగంత అవుతోంది. పక్కన సన్నని సెలయేరు రాళ్ళ మీద గలగలమంటోంది.

"ఇందులోంచా? ఎలా?"

"పాకుతూ," అంది తరళ, పొట్టమీద వాలి చీలికలోకి జారిపోతూ.

పింగళగిరి విజేత, చంద్రశిల వారసుడు నీలకేతుడు నేలమీద పడుకున్నాడు. బురద అతడి గడ్డానికి అంటింది. రాళ్ళు వీపును గీరాయి. రాతిచెయ్యిని ఈడ్చుకుంటూ, మోచేతితో జరుగుతూ చీకట్లోకి పాకాడు. వెనక గద దెబ్బకు కొండ దద్దరిల్లింది.

చీకటి ఎంతో దూరం లేదు. అతడు తల ఎత్తి చూశాడు.

లోపల ఆకాశం ఉంది! దానికి సూర్యుడు లేడు, అయినా వెలుతురు. ముత్యపు చిప్ప లోపలివైపు ఉండే వెలుతురు లాంటిది. ఆ వెలుతురులో లెక్కలేనన్ని మేఘాలు ఆవుదూడల్లా ముడుచుకొని పడుకున్నాయి. కొన్ని నల్లనివి, కొన్ని దూదిలాంటివి, కొన్ని అప్పుడే కళ్ళు తెరిచి ఊదారంగులో వణుకుతున్నాయి. ఎక్కడో ఒక నీటిబొట్టు రాలింది. ఆ చప్పుడుకు మేఘాలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాయి. నడుమ విగ్రహం లేదు, సింహాసనం లేదు. ఉన్నది ఖాళీ శిలావేదిక ఒక్కటే. అయినా అక్కడ ఎవరో ఉన్నారు. గదిలో తల్లి ఉన్నట్టు కళ్ళు మూసుకొన్న బిడ్డకు తెలుస్తుంది చూడండి, అలా తెలుస్తోంది. తరళ అప్పటికే చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

దారి పొడుగునా అతడు ఏమేమి అడగాలో సిద్ధం చేసుకున్నాడు. చెయ్యి తిరిగిస్తే బంగారు గోపురం కట్టిస్తానని చెబుదామనుకున్నాడు. ఇప్పుడు అందులో ఒక్కటీ అడగలేదు. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. నుదురు చల్లని రాతికి ఆనింది.

"దిగాను, స్వామీ," అన్నాడు. "ఆలస్యంగా దిగాను. నువ్వు ఒక్కమాటతో చెప్పినప్పుడు దిగాల్సింది. తప్పు నాది. ముసలివాణ్ణి కాడికి కట్టాను. నీ వాకిట్లో చెయ్యెత్తాను. నా చెయ్యి నువ్వే ఉంచుకో. నన్ను మాత్రం దిద్దు."

వేదిక వైపు నుంచి చిన్న మబ్బుతునక ఒకటి లేచి వచ్చి అతడి భుజాన్ని తాకింది. అది తాకినచోట రాయి నానింది, మెత్తబడింది, వేడెక్కింది. గుండెకు దగ్గరగా వచ్చిన నలుపు వెనక్కి జరిగి మోచేతి దగ్గర ఆగింది. అంతకంటే కిందికి దిగలేదు.

"మిగతాది ఇక్కడ కరగదు," అంది ఆ గొంతు. ఆలయంలో విన్న గొంతే. అప్పుడు అతడికి అందులో వినిపించింది అధికారం ఒక్కటే. ఇప్పుడు ప్రేమ కూడా వినిపించింది. అప్పుడూ ఉందేమో. అతడే వినలేదు. "నువ్వు కట్టిన ముళ్ళు నువ్వే విప్పుకో."

నీలకేతుడు తరళ వైపు తిరిగాడు. "తరళా, మీ నాన్నగారి సంకెళ్ళు నా చేత్తో నేనే తీస్తాను. ఆయన కాళ్ళమీద పడతాను. నన్ను క్షమించు."

తరళ కళ్ళు తెరిచింది. "ఆ మాట మా నాన్నతో చెప్పండి. ఆయన క్షమిస్తే అప్పుడు నా సంగతి ఆలోచిస్తాను," అంది. కాని ఆమె గొంతులో వెనకటి పదును లేదు.

ధన్! ధన్! బయట గద దెబ్బలకు గుహ కప్పు నుంచి పొడి రాలింది. నిద్రపోతున్న మేఘాలు ఉలిక్కిపడి ఒకదాన్నొకటి హత్తుకున్నాయి. ధూమజిహ్వుడి కేక సన్నగా వినబడింది. "కొట్టు! ఇంకా గట్టిగా కొట్టు! బీట వచ్చింది!"

దెబ్బలు మెల్లగా తగ్గాయి. నీలకేతుడు చీలిక దాకా పాకి బయటికి చూశాడు. ప్రచండుడు కొండగోడ ముందు నిలబడి ఉన్నాడు. మండే ఎండ. ఎడారి నుంచి ఇంతవరకు గుక్కెడు నీళ్ళు ఎరుగడు. పెదవులు పగిలి నెత్తురు కారుతోంది. కాళ్ళ దగ్గరే సెలయేరు పారుతోంది. అతడు వంగబోయాడు. నడుము వంగలేదు. మోకాలు మడవబోయాడు. అది బిగుసుకుపోయింది. చేతులు చాచాడు, నీళ్ళకు అందలేదు. మళ్ళీ చాచాడు. వెయ్యి ఏనుగుల బలమున్న ఆ వీరుడి కళ్ళల్లోంచి నీళ్ళు జారి, పగిలిన పెదవుల మీద పడ్డాయి.

"ముందు తలుపు పగలగొట్టు! నీళ్ళు తర్వాత!" పైన పొగై తిరుగుతూ మాంత్రికుడు అరిచాడు.

నీలకేతుడి వెనక, గుహ లోతుల్లోంచి ఆ గొంతు మళ్ళీ వినిపించింది.

"బయట నా బిడ్డ దాహంతో ఉన్నాడు."

స్వామి తన గుహ పగలగొడుతున్నవాణ్ణి పట్టుకొని నా బిడ్డ అంటున్నాడు!

"వెళ్ళకండి," తరళ అతడి ఉత్తరీయం పట్టుకుంది. "ఆయన మిమ్మల్ని గుర్తుపట్టడు. ఒక్కదెబ్బ చాలు. కత్తి కూడా లేదు మీ దగ్గర."

"కత్తి ఉంటే నీళ్ళు ఎందులో పట్టను?" అన్నాడు నీలకేతుడు.

అతడు చీలికలోంచి బయటికి పాకాడు. సెలయేటి పక్కన మోకరిల్లి ఎడమ అరచేతిలో నీళ్ళు పట్టాడు. వేళ్ళ సందుల్లోంచి కారిపోకుండా రాతిచేతి అంచును కింద ఆనించుకున్నాడు. ఎండలో ఆ దోసెడు నీళ్ళు తళతళ మెరిశాయి. చప్పుడుకు ప్రచండుడి బంగారు కళ్ళు కిందికి తిరిగాయి. తల వంగలేదు గాని చూపు దిగింది.

"వాడే! కొట్టు!" ధూమజిహ్వుడు కొండ అదిరేలా అరిచాడు.

నీలకేతుడు ఒక బండ ఎక్కాడు. ఆ ఎత్తున గద వేటుకు అతడి తల సరిగ్గా అందుతుంది. అతడు దాన్ని చూడలేదు. దోసిలి పైకెత్తి ప్రచండుడి నోటి దగ్గర పెట్టాడు.

"తాగు బావా. నువ్వు వంగలేకపోతే నేను ఎత్తుతాను."

ప్రచండుడి గొంతులో ఏదో గరగరలాడింది. పగిలిన పెదవులు మెల్లగా విడివడ్డాయి. బంగారు చెయ్యి గదతో సహా ఆకాశంలోకి లేచింది. నీళ్ళు గొంతు దిగాయి; ఎత్తిన గద వేళ్ళలోంచి జారి సెలయేట్లో పడింది, బిగిసిన మెడ మొదటిసారి దోసిలి వైపు వంగింది.